మాంసకృత్తులకూ కులం ఉందా?

ఈ మధ్య మన వాడల్లో కుర్రవాళ్ళ చేతుల్లో పెద్ద పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు కనబడుతున్నాయి. నల్లటి డబ్బా, దాని మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, 'వే ప్రొటీన్' అని ఇంగ్లీషు పేరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లు పరుగెత్తాలి, మిలిటరీకి పోవాలంటే ఛాతీ చూపించాలి. పట్నంలో జిమ్ము నడిపేవాడు ఇది తాగకపోతే కండ రాదంటాడు. పేరున్న కంపెనీ డబ్బా కిలో రెండు వేల నుంచి మూడు వేల పైదాకా ఉంది. ఆ కుర్రవాడి తల్లి వారం పైన మిరపచేలో నడుం వంచి తెచ్చిన కూలి అది. అందుకని ఈ పొడి సంగతి నలుగురిలో పెట్టి తేల్చుకోవాలని మేము అనుకున్నాం. తిండి సంగతి వంటింటి సంగతి, దానికీ ఉద్యమానికీ ఏం సంబంధం అని అడిగేవాళ్ళున్నారు. ఎవడు ఏం తినాలో, ఎవడి పళ్ళెంలో ఏం పడాలో నిర్ణయించింది కులమే అయినప్పుడు సంబంధం లేకుండా ఎలా ఉంటుంది?

ముందు ఆ పొడి ఏమిటో చూద్దాం. పాలు విరిగితే గడ్డ ఒకవైపు, నీళ్ళు ఒకవైపు అవుతాయి గదా. గడ్డను పన్నీరు అంటారు, చీజు అంటారు. మిగిలిన పసుపుపచ్చటి నీళ్ళే 'వే'. మన ఇళ్ళల్లో పెరుగు మీద తేరే నీళ్ళూ, మజ్జిగ కదపకుండా పెడితే పైన నిలిచే తేటా ఆ జాతివే. ఆవుపాలలో ఉండే మాంసకృత్తుల్లో నూటికి 80 వంతులు గడ్డలోకి పోయే రకం, 20 వంతులు ఈ నీళ్ళలో ఉండిపోయే రకం. యూరపులో, అమెరికాలో చీజు ఫ్యాక్టరీలు చాలాకాలం ఈ నీళ్ళను పందులకు పోశాయి, పొలాల మీద, కాలవల్లో పారబోశాయి. అలా పారబోయడానికి వీల్లేకుండా పోయేసరికి, 1970ల నుంచి సన్నటి పొరల గుండా వడగట్టి, ఎండబెట్టి, పొడి చెయ్యడం పెరిగింది. పందులకు పోసింది పహిల్వాన్లకు పోస్తున్నారు. ఇందులో ఎగతాళి చెయ్యాల్సింది ఏమీ లేదు, పారబోసేదాన్ని మంచి తిండిగా మార్చడం తెలివైన పనే. కానీ మందు కాదు, మంత్రం కాదు, పాల విరుగుడు నీళ్ళ పొడి అన్న సంగతి మన తమ్ముళ్ళకు తెలియాలి.

దానిలో గుణం లేదని మేము అనడం లేదు. మనిషి ఒంట్లో తయారుకాని, తిండి నుంచే రావలసిన అమైనో ఆమ్లాలు తొమ్మిది ఉన్నాయి. అవన్నీ ఇందులో ఉన్నాయి. అందులో లూసిన్ అనేది కండ కట్టే పనిని మొదలుపెట్టిస్తుంది, అది దీంట్లో బాగా ఉంది. తొందరగా అరుగుతుంది. బరువులెత్తేవాడికి పనికొస్తుంది. వయసు మీదపడి కండ కరిగిపోతున్న ముసలివాళ్ళకూ, ఆపరేషనై నమలలేని రోగులకూ డాక్టరు చూసి రాసిస్తే ఎంతో మేలు. విజ్ఞానశాస్త్రం చెప్పిన మాటను మనం కాదనకూడదు. వాళ్ళ వ్యాపారాన్ని మాత్రం ప్రశ్నించి తీరాలి.

మనిషికి అసలెంత కావాలి? హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం మనిషి బరువు కిలోకి రోజుకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పరుగు, బరువులు గట్టిగా చేసేవాడికి ఇంకొంత కావాలి. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, కండలు పెంచుకోవడానికి ఈ పొడులు వాడవద్దని స్పష్టంగా రాసింది. 

ఇప్పుడు లెక్క వేద్దాం, బడిపంతుళ్ళం గనక లెక్క మా పని. 2500 రూపాయల కిలో డబ్బాలో 33 చెంచాలొస్తాయి. ఒక్కో చెంచాలో 24 గ్రాముల మాంసకృత్తులు, ఖరీదు 75 రూపాయలు. కోడిగుడ్డులో 6 గ్రాములు. నాలుగు గుడ్లు తింటే ఆ 24 గ్రాములూ వచ్చాయి, గుడ్డు ఏడు రూపాయలైనా 28 రూపాయలే. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాములు, ఉలవల్లో కూడా అంతే. వేరుశనగ గుళ్ళలో వందకు 25. సోయా ముక్కల్లో 50 గ్రాములకే 25 గ్రాములు దాటుతుంది, పది రూపాయల ఖర్చు. పప్పులోది గుడ్డులో ఉన్నంత మేలురకం కాదని చదువుకున్నవాళ్ళు అంటారు, నిజమే. పప్పులో మిథియోనిన్ తక్కువ, బియ్యంలో లైసిన్ తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పప్పన్నం తిన్న మన అవ్వలకు ఈ పేర్లు తెలియవు, పని మాత్రం తెలుసు. రోజుకు 400 గ్రాముల బియ్యం తినేవాడికి బియ్యంలోంచే 30 గ్రాముల దాకా వస్తుంది. దానికి మూడు గుడ్లు, వంద గ్రాముల పప్పు, గుప్పెడు వేరుశనగలు చేర్చితే 75 గ్రాములు దాటింది. కానిస్టేబుల్ పరుగుకు ఇది చాలు. 

మరి ఇంత చవకగా దొరికేది మన ఇళ్ళల్లో ఎందుకు లేదు? ఇక్కడ కులం సంగతి రాకతప్పదు.

మజ్జిగ సంగతే తీసుకోండి. ఆంధ్రాలో పాలేరన్నా తెలంగాణలో జీతగాడన్నా, మన తాతలు కామందుల ఇళ్ళ ముందు దూరంగా కుండ పట్టుకుని నిలబడితే పైనుంచి మజ్జిగ పోసేవాళ్ళు. గొడ్లను కాసింది మనం, పేడ ఎత్తింది మనం, గడ్డి మోసింది మనం. పెరుగు చిలికి వెన్న వాళ్ళు ఉంచుకున్నారు, నెయ్యి కాచుకున్నారు, దేవుడి దీపానికీ పోసుకున్నారు. నిజానికి వెన్నలో ఉన్నది కొవ్వు, మాంసకృత్తులు చాలావరకు మజ్జిగలోనే ఉండిపోతాయి. అది తెలిసి ఉంటే ఆ మజ్జిగ కూడా పోసేవాళ్ళు కాదేమో! తెలియక పోసినా బిందెడు నీళ్ళు కలిపే పోశారు. ఈనాడు ఆ కామందులు పట్నం పోయారు. వాడలో లోను మీద బర్రె తెచ్చుకున్న అక్క పొద్దున్నే పాలన్నీ కేంద్రానికి పోస్తున్నది, కిస్తీ కట్టాలి గనక. ఇంట్లో పిల్లలకు నల్ల టీ. పాలు వాడలోంచి పట్నం పోతాయి, పాల పొడి పట్నంలోంచి వాడకు వస్తుంది. కొడుకు డబ్బా కొనేది తల్లి పాలు అమ్మిన డబ్బుతోనే.

ఇక పెద్దకూర సంగతి. వంద గ్రాముల మాంసంలో 20 గ్రాములు పైగా మాంసకృత్తులు, ఒంటికి బాగా పట్టే ఇనుము, బి-12. వే పొడిలో ఇనుము లెక్కలోకి రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రాలో నూటికి 58.8, తెలంగాణలో 57.6. ఈ ఆడవాళ్ళకు కావలసింది కార్జం, మాంసం, గుడ్డు, పప్పు, ఆకుకూర, ఐరన్ మాత్ర. ఎండబెట్టి దాచుకున్న తునకలు వానాకాలంలో మన ఇళ్ళను కాపాడాయి. అలాంటి తిండిని చూపించే మనల్ని ఊరి బయట పెట్టారు. గొడ్డుమాంసం తినడాన్నీ అంటరానితనాన్నీ ఎలా ముడివేశారో బాబాసాహెబ్ అంబేద్కర్ 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో విప్పి చూపించారు. చచ్చిన గొడ్డును తినడం మానమని 1927లో మహద్‌లో ఆయన చెప్పిన మాట కూడా గుర్తుంచుకోవాలి. విసిరేసింది తినొద్దన్నారు, మంచి తిండి తినొద్దనలేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే దాడులు జరిగాయి. ఆవును కోయడం 1977 నుంచి చట్టం ప్రకారం నిషేధం. బర్రె మాంసం తినడానికి అడ్డేమీ లేదు. అయినా మన పిల్లలు బడికి తెచ్చుకున్న కూర గిన్నె మూత తీయడానికి సిగ్గుపడుతున్నారు. అదే పిల్లవాడు పెరిగి, ఇంట్లో కూర మానేసి, డబ్బా పొడి అయితే నలుగురిలో తాగుతున్నాడు. పొడికి కులం కనపడదు గదా! కండ కోసం ఎంత ఖర్చు పెడుతున్నాడో, కులం దాచుకోవడానికి అంత ఖర్చు పెడుతున్నాడని మాకు అనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే తెలుగు వాచకంలో ప్రొటీన్లకు 'మాంసకృత్తులు' అని పేరు. మాటలో మాంసం ఉంది. ఆ పాఠం చెప్పే బడిలో గుడ్డు పెట్టాలంటే మాత్రం కొందరికి మడి అడ్డం వస్తుంది. బడిలో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. వంట మనుషులుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో మళ్ళీ అదే కోర్టు చెప్పింది. ఎన్ని ఊళ్ళల్లో అమలైంది? కొన్ని చోట్ల ఒకే పెద్ద వంటశాల నుంచి బళ్ళకు అన్నం పంపే సంస్థలు గుడ్డు ముట్టుకోవు. వాళ్ళ భక్తి వాళ్ళిష్టం, మన పిల్లల పళ్ళెం మీద దాని పెత్తనం ఏమిటి? గుడ్డు పెట్టే రోజు బడికి పిల్లలు ఎక్కువగా వస్తారని పంతుళ్ళందరికీ తెలుసు.

జబ్బు సంగతి ఒకటి చెప్పాలి. క్షయ మన వాడల్ని వదలని రోగం. జార్ఖండులో 2019 నుంచి 2022 దాకా క్షయ రోగుల ఇళ్ళల్లో మనుషులకు నెలకు తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూశారు. ఇవ్వని ఇళ్ళతో పోలిస్తే ఆ ఇళ్ళల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. 2023లో 'లాన్సెట్' పత్రికలో అచ్చయింది. పొడి కాదు, డబ్బా కాదు, పప్పు! రోగికి తిండి కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. ఆ డబ్బు ఖాతాలో పడుతున్నదో లేదో చదువుకున్న తమ్ముళ్ళు వాడలో ఇల్లిల్లూ తిరిగి చూడాలి.

డబ్బా కొని తీరతామనే తమ్ముళ్ళకు ఒకటి రెండు జాగ్రత్తలు. మన దేశంలో అమ్మే 36 రకాల పొడులను కేరళ డాక్టర్లు పరీక్ష చేయించి 2024లో బయటపెట్టారు. డబ్బా మీద రాసినంత సరుకు లోపల లేనివే ఎక్కువ. మామూలు వే పొడిలో పాలచక్కెర ఉంటుంది, అది పడనివాళ్ళకు కడుపుబ్బరం, విరేచనాలు. మజ్జిగ వాళ్ళకే కొంత నయం, తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను కొంత తినేస్తాయి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోకూడదు. శ్రీకాకుళం ఉద్దానంలో వందల ఇళ్ళల్లో కిడ్నీలు పాడయ్యాయి. అక్కడి కుర్రవాళ్ళు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఈ జోలికి పోవద్దు.

అక్కలకు ఒక మాట. లోకంలో మేలైన 'వే' డబ్బాలో లేదు, బాలింత రొమ్ములో ఉంది. ఆవుపాలలో ఐదో వంతే ఉండే ఈ రకం మాంసకృత్తులు తల్లిపాలలో సగానికి పైగా ఉంటాయి, మొదటి రోజుల ముర్రుపాలలో ఇంకా ఎక్కువ. బిడ్డను రోగాల నుంచి కాపాడేవి అందులోనే ఉన్నాయి. పసుపుగా ఉన్నాయని పిండి పారబోయించే ముసలమ్మలు ఇంకా ఉన్నారు, పారబోయనివ్వకండి. పుట్టిన గంటలోపే పట్టించండి. మరి ఆ పాలు రావాలంటే బాలింతకు తిండి ఉండాలి. మన ఇళ్ళల్లో కూర కుండ అడుగు నాకేది ఆడదే గదా! కామందు మనకు చేసింది మనం ఇంట్లో ఆడవాళ్ళకు చేస్తున్నామని మగవాళ్ళు గుర్తిస్తే, వండిన నాలుగు గుడ్లలో ఒకటి ఆమె పళ్ళెంలో ముందే పడుతుంది.

ఇక చెయ్యవలసింది. మీ ఊరి బడి గోడ మీద మెనూ రాసి ఉంటుంది. ఆంధ్రాలో 2020లో వారానికి ఐదు గుడ్లని పెట్టారు. మీ బడిలో ఎన్ని పడుతున్నాయో పిల్లల్ని అడిగి కాగితం మీద రాయండి. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు రావలసిన గుడ్డు, పాలు వస్తున్నాయా, వాడలో ఇళ్ళకు అందుతున్నాయా అదీ రాయండి. నెల రోజులు అలా రాసి, ఆ కాగితం తీసుకుని రిజిస్టరు చూపించమని అడగండి. ఒక్కరే పోవద్దు, పదిమంది తల్లులు కలిసి పొండి. పంతులుగారు నసిగితే మండల విద్యాధికారికి రాసివ్వండి, నకలు మాకు పంపండి. ఏ బడిలో ఎన్ని గుడ్లు తక్కువ పడ్డాయో ఊరి పేరుతో సహా ఈ పత్రికలో వేస్తాం.