సిక్కోలు ఎంటెక్‌కు సిక్కోలు పని పనికిరాదా?

పలాస జీడి పరిశ్రమలో బస్తా అంటే 80 కిలోల పిక్కలు. ఆ బస్తాకు గుండు పప్పు ఎంత దిగింది, బద్ద ఎంత పడింది అన్నదాన్ని బట్టే యజమానికి లాభమో నష్టమో తేలుతుంది. డబ్ల్యూ-320 రకమంటే పౌను తూకానికి 300 నుంచి 320 దాకా పప్పులు. అదే పప్పు రెండుగా చీలితే ధర జారిపోతుంది. పిక్కలో తేమ ఎంతుంది, ఆవిరి ఎంతసేపు పట్టారు, ఉడికాక ఎన్ని గంటలు ఆరనిచ్చారు అనే మూడు సంగతులకూ పప్పు విరగడానికీ లంకె ఉంది. అనుభవమున్న మేస్త్రీకి ఆ లంకె చేతి అలవాటుగా తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టాలంటే సీజను పొడవునా లెక్క రాసే మనిషి కావాలి, ఆ లెక్కను చదవగలిగే గురువు కావాలి. ఒక ఎంటెక్ థీసిస్‌కు సరిగ్గా సరిపడే పని ఇది. పలాస నుంచి టెక్కలిలోని ఇంజినీరింగ్ కాలేజీ పెద్ద దూరమేమీ కాదు. ఈ ప్రశ్న ఆ కాలేజీ గడప ఎక్కడానికి మాత్రం మన చదువుల ఏర్పాటులో తిన్నని దారి లేదు.

అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం ఎంటెక్‌కు 68 క్రెడిట్లు. అందులో 26 థీసిస్‌వే. రెండేళ్ల కోర్సులో దాదాపు రెండో ఏడాది అంతా దానికే పోతుంది. ఇరవై నాలుగేళ్ల ఇంజినీరు ఒకరు ఏడాది కాలాన్ని ఒకే ప్రశ్న మీద పెట్టడమంటే చిన్న పెట్టుబడి కాదు. ఆ ఏడాదిని మనం ఎలా ఖర్చు పెడుతున్నామో ఆ చదువులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పాత జర్నల్లోంచి ఒక శీర్షిక, కంప్యూటర్ మీద ఒక సిమ్యులేషన్, అంతకీ కుదరకపోతే అమీర్‌పేటలో ఒక ప్రాజెక్ట్ సెంటర్. ఆ తర్వాత డబ్బు కట్టి వేయించుకున్న పేపరు, బంగారు అక్షరాల బైండింగు, వైవా, చివరికి డిపార్ట్‌మెంట్ బీరువా. యూజీసీ 2018 నిబంధనల పుణ్యమా అని నకలు 10 శాతం దాటలేదని సాఫ్ట్‌వేర్ చేత చెప్పించుకోవాలి. ఇంకొకరి వాక్యాలు దొంగిలించారో లేదో ఆ యంత్రం చెబుతుంది. రాసినదానితో ఎవరికైనా అవసరం ఉందా అన్నది చూడడానికి ఏ యంత్రమూ పెట్టలేదు.

దీనికి పిల్లల బద్ధకాన్ని తిట్టడం తేలిక. అసలు చిక్కు వేరే ఉంది. గేట్‌లో అర్హత సాధించి చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. జిల్లా కాలేజీల్లో అలా చేరేవారు తక్కువ. మిగిలినవారికి మధ్యలో ఉద్యోగం దొరికితే థీసిస్ అటకెక్కుతుంది. ఉద్యోగం వదులుకోలేరు, పూర్తికాల కోర్సు హాజరు నిబంధనేమో వదలదు. అటు పని చేస్తున్నవాడికి ప్రశ్న ఉంటుంది, తీరిక ఉండదు. ఇటు చదువుతున్నవాడికి తీరిక ఉంటుంది, ప్రశ్న ఉండదు. ఈ ఇద్దరినీ ఒకే మనిషిగా చూడడం మన చదువులకు ఇంకా అలవాటు కాలేదు.

ఫిన్లాండ్ చేసింది అదే. అక్కడ మామూలు విశ్వవిద్యాలయాలతో పాటు వృత్తి విద్య కోసం అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలు విడిగా ఉన్నాయి. వాటిలో మాస్టర్స్ డిగ్రీ 2002లో ప్రయోగంగా మొదలై 2005లో స్థిరపడింది. డిగ్రీ అయ్యాక కనీసం రెండేళ్లు ఉద్యోగం చేసినవారికే అందులో ప్రవేశం. చాలామంది ఉద్యోగం మానకుండానే చదువుతారు. థీసిస్ అంశం ఎక్కువగా వారి పనిచోటు నుంచే వస్తుంది. ఆసుపత్రిలో మందుల పంపిణీ తీరు, ఒక పురపాలక సంఘం నీటి లెక్కలు, ఫ్యాక్టరీలో ఒక యంత్రం మరమ్మతు పద్ధతి లాంటివి. జర్మనీలో ఫాఖ్‌హోక్‌షూలే అని పిలిచే కాలేజీలదీ ఇంచుమించు ఇదే బాట. అక్కడికి అప్పు చేసి వెళ్లిన మన తెలుగు పిల్లలు కూడా కంపెనీలో కూర్చుని థీసిస్ రాస్తున్నారు. విజయనగరంలో సాధ్యం కాదనుకున్నది స్టుట్‌గార్ట్‌లో వారికి మామూలు సంగతి.

విదేశీ ముచ్చట మనకెందుకు అనేవారికి ఒక మాట. ఉద్యోగంలో ఉంటూనే చదివి, పనిచోటు సమస్య మీదే డిసర్టేషన్ రాసే ఏర్పాటును బిట్స్ పిలానీ 1979 నుంచి నడుపుతోంది. ఉద్యోగుల కోసం ప్రత్యేక తరగతులు పెట్టుకోవడానికి సాంకేతిక విద్యామండలి కూడా 2023-24 నుంచి కాలేజీలకు వీలు కల్పించింది. తలుపు తెరిచే ఉంది. తట్టేవాళ్లు కావాలి.

ఉత్తరాంధ్రలో ఆ తలుపు తట్టాల్సింది ఎవరు? ఈ మాట రాగానే పైడిభీమవరం మందుల కంపెనీలూ గరివిడి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీయే గుర్తొస్తాయి. నా దృష్టిలో అంతకంటే ముందు వరసలో నిలవాల్సినవారు ప్రభుత్వ ఉద్యోగులు. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయ వ్యవస్థ మొదలైంది. దాంతో గ్రామాల్లోకి ఇంజినీరింగ్ అసిస్టెంట్లు వచ్చారు. చాలామంది బీటెక్ చదివినవారే. గ్రామీణ నీటి సరఫరా విభాగంలో అసిస్టెంట్ ఇంజినీర్లు (ఏఈలు) ఉన్నారు. విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌లోనూ ఉన్నారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఏ ఫీడర్‌లో స్తంభాలు ముందు కూలాయో, కొబ్బరి తోటల మధ్య లైను వేసిన చోట కరెంటు తిరిగి ఇవ్వడం ఎందుకు ఆలస్యమైందో రాత్రింబవళ్లు పనిచేసిన ఆ ఇంజినీర్లకే తెలుసు. వారు బదిలీ అయితే ఆ తెలివిడీ వారితోనే వెళ్లిపోతుంది.

ఉద్దానం దగ్గర ఇంకాస్త ఆగాలి. అంతుచిక్కని కిడ్నీ జబ్బు మీద అక్కడ బయటి సంస్థలెన్నో పరిశోధన చేశాయి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి అంతర్జాతీయ సంస్థలూ వచ్చాయి. కారణం ఇదని ఇప్పటికీ తేలలేదు. ఆ పెద్ద ప్రశ్నను ఎంటెక్ విద్యార్థి నెత్తిన పెట్టడం అన్యాయం. దాని చుట్టూ చిన్నచిన్న ప్రశ్నలు మాత్రం చాలా ఉన్నాయి. హిరమండలం జలాశయం నీటిని ఏడు మండలాల్లోని 807 గ్రామాలకు పంపే 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబర్ 14న ప్రారంభించారు. అంత దూరం గొట్టాల్లో ప్రయాణించిన నీటిలో చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత మిగులుతోంది? ఎండాకాలంలో ఒత్తిడి ఏ ఊరి దగ్గర పడిపోతోంది? కుళాయి వచ్చాక కూడా జనం డబ్బిచ్చి క్యాన్ నీళ్లు కొంటుంటే దానికి కారణం రుచా, భయమా? వీటిలో ఒక్కోటీ ఒక్కో థీసిస్. నీళ్ల విభాగంలో పనిచేసే ఏఈ రోజూ తిరిగే దారిలోనే ఈ సమాధానాలున్నాయి. కొలతకు పద్ధతీ, అడగడానికి గురువూ ఉంటే చాలు.

ఉద్యోగం చేసుకునేవాడు పరిశోధన ఏం చేస్తాడులే అనే చులకన ఈ నేల మీద చెల్లదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులు. సవరలకు చదువు చెప్పాలంటే వారి భాష రావాలి, పుస్తకాలు కావాలి. ఆ పని అవసరం కొద్దీ ఆయన సవర నేర్చుకున్నారు. ఆ శ్రమే 1931లో వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా వెలువడింది. ఆయనకు గైడు లేడు, క్రెడిట్లు లేవు. పిల్లలకు పాఠం చెప్పాలన్న అవసరం ఒక్కటే ఉంది.

ఈ వాదనకు ఎదురు వాదన లేకపోలేదు. పనిచోటు థీసిస్ పేరిట కంపెనీలు ఉత్త పుణ్యానికి పని చేయించుకుంటాయని ఒక భయం. కంపెనీ యజమాని చెప్పుచేతల్లోకి కాలేజీ పోతుందని ఇంకొకటి. ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసినప్పుడు సర్టిఫికెట్ల కాగితాలకే విలువ పెరిగిన అనుభవం మనకుంది కనుక ఈ భయాలను కొట్టిపారేయను. అందుకే ప్రశ్న ఇచ్చినవాడు మార్కులు వేయకూడదు. మార్కులు కాలేజీవే. జీతం ఇచ్చే ఉద్యోగం ఉన్నవాడికే ఇందులో ప్రవేశం ఉంటే ఉచిత చాకిరీ అన్న మాటకూ చాలావరకు చోటుండదు. పైగా థీసిస్ బహిరంగం కావాలి. ఫిన్లాండ్‌లో థీసిస్ ప్రజాపత్రం. వ్యాపార రహస్యాలుంటే వాటిని విడిగా నేపథ్య కాగితాల్లో పెట్టి, థీసిస్‌ను మాత్రం ఎవరైనా చదువుకునేలా ఉంచుతారు. మన పీహెచ్‌డీ గ్రంథాలకు శోధగంగ ఉంది. ఎంటెక్‌కు బీరువాయే గతి. వందమంది చదువుతారని తెలిస్తే ప్రాజెక్ట్ సెంటర్ సరుకును సొంత పేరుతో పెట్టడానికి కొంతైనా జంకు పుడుతుంది.

గురువుల కొరత మాత్రం నిజమైన అడ్డంకి. ఫ్యాక్టరీ గేటు దాటని అధ్యాపకుడు షిఫ్ట్ ఇన్‌చార్జికి మార్గదర్శి కాలేడు. అయితే పరిశ్రమలో అనుభవం ఉన్నవారిని ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా తీసుకోవచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. రిటైరైన నీటిపారుదల ఎస్ఈలకు, విద్యుత్ ఇంజినీర్లకు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో కొదవేం లేదు.

గురజాడ పేరుతో 2022లో విజయనగరంలో ప్రత్యేక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి విడిపడ్డాక కూడా కాకినాడ నిబంధనలనే అచ్చు మార్చి వాడుకుంటే ఆ విడిపోవడానికి అర్థమేముంది? ఎంటెక్ సీట్లలో కొన్నింటిని పైన చెప్పిన ప్రభుత్వ విభాగాల ఉద్యోగులకు కేటాయించి, తరగతులు శని, ఆదివారాల్లో పెట్టి, రెండో ఏడాది వారి ఆఫీసునే ప్రయోగశాలగా ఒప్పుకుంటే సరిపోతుంది. ఉద్యోగికి సెలవు ఇవ్వనక్కర్లేదు, జీతం ఆగదు, కొత్త భవనం అక్కర్లేదు. ప్రభుత్వం వైపు నుంచి కావలసింది ఒక్క ఉత్తర్వు: థీసిస్ గడువు పూర్తయ్యేదాకా ఆ ఉద్యోగిని బదిలీ చేయకూడదు.