ఫ్యాటీ లివర్ మందులో మన జన్యువులకు చోటేది?

ఫ్యాటీ లివర్‌కు ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ మందు తయారు చేయాలనుకునేవారికి ఇప్పుడు అసలు చిక్కు రసాయనశాస్త్రంలో లేదు. జన్యువు ఆదేశించిన ప్రొటీన్‌ను తయారుచేసే ముందు కణం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీసుకుంటుంది. ఆ నకలుకు సరిగ్గా జతపడే ఇరవై పైచిలుకు అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్కను లోపలికి పంపితే కణమే నకలును తుంచేస్తుంది. జన్యువు చెక్కుచెదరదు, ప్రొటీన్ మాత్రం తగ్గిపోతుంది. 1998లో ఓ చిన్న పురుగులో దీన్ని నిరూపించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ వచ్చింది. ఆ ముక్కను కాలేయం దాకా చేర్చడం చాలాకాలం తలనొప్పిగానే ఉంది. గాల్‌నాక్ అనే చక్కెరను తగిలించడంతో అదీ తీరింది. దాన్ని పట్టుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద దండిగా ఉన్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే ఇన్‌క్లిసిరాన్ ఇలాగే పనిచేస్తుంది, తొలి డోసులయ్యాక ఆరు నెలలకొక ఇంజెక్షన్ చాలు. ఇక మిగిలిన పెద్ద ప్రశ్న, ఏ జన్యువును అణచాలి? దానికి జవాబు మనుషుల్లోనే వెతకాలి. ఆ వెతుకులాటలో మనవాళ్లు లేకపోతే వచ్చే మందు మనకు సరిపోతుందన్న భరోసా లేదు.

ఇన్‌క్లిసిరాన్ కథే చూడండి. అమెరికాలో డాలస్ హార్ట్ స్టడీ మొదలుపెట్టినప్పుడు సగం మంది నల్లజాతివారు ఉండేలా పట్టుబట్టి ఎంపిక చేశారు. హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ ఆ నమూనాల్లోనే పీసీఎస్‌కే9 జన్యువు ఒక ప్రతి పనిచేయనివారిని గుర్తించారు. మరో అధ్యయనం సమాచారంతో 2006లో వారు చూపిందేమిటంటే, అలాంటి నల్లజాతివారిలో చెడు కొలెస్ట్రాల్ 28 శాతం, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. ఇన్‌క్లిసిరాన్ అణచేది ఆ జన్యువునే. తెల్లవారినే ఎంచుకుని ఉంటే ఈ దారి అంత త్వరగా దొరికేది కాదు. 2008లో అదే డాలస్ అధ్యయనం పీఎన్‌పీఎల్ఏ3 జన్యువులోని ఓ మార్పును బయటపెట్టింది. కాలేయంలో కొవ్వు పేరుకోవడానికి అది ముఖ్యమైన జన్యు కారణం, హిస్పానిక్ ప్రజల్లో ఎక్కువ. దాన్ని అణచే ఆర్‌ఎన్‌ఏ మందును తొలి దశలో పరీక్షిస్తే, మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్నవారిలో కొవ్వు స్పష్టంగా తగ్గింది. ఒక్క ప్రతిలోనే ఉన్నవారిలో ఆ స్థాయిలో తగ్గలేదు. జబ్బు పేరు ఒకటే అయినా మందు అందరికీ ఒకేలా పనిచేయదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు మన సంగతి. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కూడిన బృందం గుండె కండరాన్ని దెబ్బతీసే ఓ జన్యులోపం దక్షిణాసియావాసుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉందని తేల్చింది. ఇతర ఖండాల ప్రజల్లో అది కనబడటమే అరుదు. మత్తుతోపాటు ఇచ్చే కొన్ని కండరాల సడలింపు మందులు ఆర్యవైశ్యుల్లో కొందరికి ఎక్కువసేపు పనిచేయడానికీ తరతరాల అంతర్వివాహమే మూలం. కాలేయం విషయంలో మాత్రం మనం ప్రత్యేకం కాదని ఎలా అనుకోగలం? మేనరికాలు ఇంకా ఉన్న తెలుగునాట, ఒక జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోయినా ఆరోగ్యంగా తిరిగే మనుషులు దొరికే అవకాశం ఎక్కువ. పాకిస్తాన్‌లో పదివేల మందికి పైగా పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ఏపీఓసీ3 జన్యువు అసలు లేనట్టే ఉన్నవారిని కనుగొంది. కొవ్వు దండిగా ఉన్న భోజనం పెట్టినా వారి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎగబాకలేదు. ఇంజెక్షన్ ఇచ్చాక నెలల తరబడి వెనక్కి తీసుకోలేని మందుకు, ఆ ప్రొటీన్ లేకుండా జీవితాంతం బతికిన మనిషిని మించిన భద్రతా సాక్ష్యం లేదు.

తిండి తగ్గించి నడిస్తే పోయే జబ్బుకు ఇంత హంగామా ఎందుకంటారు. చాలామంది విషయంలో అది నిజమే. బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయం బాగా కోలుకుంటుంది. మందులు కూడా వచ్చాయి, అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్‌కు, 2025లో ఈ జబ్బు కోసం సెమాగ్లూటైడ్‌కు అనుమతి దొరికింది. కానీ సన్నగా ఉండి కూడా ఫ్యాటీ లివర్ బారిన పడేవారు మన దేశంలో తక్కువేం కాదు. కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వైపు జారుతున్నవారికి నడక ఒక్కటే చాలదు. పుట్టుకతో ఒక ప్రొటీన్ లేకపోవడం వేరు, యాభయ్యో ఏట జబ్బు ముదిరాక దాన్ని అణచడం వేరు కదా అన్న అభ్యంతరం మరింత బలమైనది. హెచ్ఎస్‌డీ17బీ13 అనే జన్యువులో లోపం కాలేయాన్ని కాపాడుతుందని 2018లో తేలినా, అణిచేస్తే ముదిరిన జబ్బు వెనక్కి తిరుగుతుందా అన్నది ట్రయల్స్ మాత్రమే చెప్పగలవు. ఆ ట్రయల్స్ మన ఆస్పత్రుల్లోనూ, జన్యుపరీక్ష చేసి ఎంచుకున్న రోగులతో జరగాలనే నేనంటున్నాను.

పదివేల మంది జన్యుక్రమాలతో జీనోమ్ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. మంచి పునాదే. అయితే జన్యుక్రమం పక్కన కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ ఫలితం, ఏళ్ల తరబడి ఆరోగ్య రికార్డు ఉంటేనే ఏ మార్పు కాలేయాన్ని కాపాడుతోందో తెలుస్తుంది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో కాలేయంలో కొవ్వు కనిపించింది. ఇలాంటివారిని ఒకసారి లెక్కపెట్టి వదిలేయకుండా పదేళ్లు వెంబడించాలి. కులాల వారీ జన్యు సమాచారం ముద్రలు వేయడానికి వాడతారన్న భయం న్యాయమైనదే. జన్యు వివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మనకింకా లేదు, అది ముందు రావాలి. ఇక ధర. ఈ మందులు చాలా ఖరీదని తెలిసిందే. మన నమూనాల ఆధారంగా మందు తయారుచేసే కంపెనీకి సమాచారం ఇచ్చే రోజునే, ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో దాన్ని ఏ ధరకు అందిస్తారో ఒప్పందంలో రాయించుకోవాలి. మందు మార్కెట్లోకి వచ్చాక అడిగితే వినేవారుండరు.