మెస్సు అంటే?

బళ్లారి జిల్లా సండూరు తాలూకా కూరెకుప్పలో, పక్కనున్న తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి పనికి పోయే మనవాళ్లకు అన్నం పెట్టే అక్క ఒకామె ఉన్నది. వాకిట్లో 'ఆంధ్ర మెస్' అని బోర్డు. కిందటి వేసవి సెలవులకు పట్నం నుంచి వచ్చిన మనవడు, "అవ్వా, మెస్ అంటే ఇంగ్లీషులో చిందరవందర, రొచ్చు. అన్నం పెట్టేచోటికి ఆ పేరేమిటి?" అని నవ్వాడట. వాడు నవ్వి మరిచాడు. ఆమె మరవలేకపోయింది. పూటకు రెండుమాట్లు బండలు కడిగే మనిషి మరి! నేను భోజనానికి వెళితే ఊరిబిండి వడ్డిస్తూ గొంతు తగ్గించి, "అన్నా, పేరు చెరిపించేయల్నా?" అని అడిగింది.

ఆ పూట నాకూ జవాబు తోచలేదు. "రేపు చెప్తానక్కా" అని తప్పుకున్నాను. నెలనెలా ఈ పేజీ నింపే పెద్దమనిషి సంగతి ఇదండీ!

ఇంటికి వచ్చి నిఘంటువు తిరగేశాను. లాటిన్లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చిన మాట అది. పంపినది, అంటే పంక్తికి పంపిన వంటకం అని మొదటి అర్థం. యోసేపు తమ్ముడు బెన్యామీనుకు అన్నలకంటె అయిదింతలు వడ్డించిన వంతుకు 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ మాటే వాడారు. తరువాత కలిసి తినే బంతికి ఆ పేరు వచ్చింది. లండనులో బారిష్టరు చదివేవారి విందుల్లో నలుగురు కూర్చుంటే ఒక మెస్సు. సిపాయిల భోజనశాల కూడా ఆ దారినే వచ్చింది. 18వ శతాబ్దంలో పశువులకు పెట్టే కలగలుపు తిండిని, మన కుడితివంటి దాన్ని, అలాగే అన్నారు. గందరగోళమనే అర్థం ఆ కుడితిలోంచి 19వ శతాబ్దంలో తేలింది. మనవడికి బడిలో దొరికింది ఈ అడుగుమడ్డి ఒక్కటే.

మనకు మాట లేక కాదు. ఓరుగల్లులో రూకకు కమ్మని భోజనం పెట్టిన పూటకూటిల్లు క్రీడాభిరామంలో ఉన్నది. కాని కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మను చూశాక ఆ పేరు బోర్డు మీద ఎవరు రాయించుకుంటారు? కన్నడంవారి ఖానావళి ఆ పక్కవీధిలోనే ఉన్నది.

మర్నాడు ఇదంతా చెప్పాను. అక్క గరిటె చేత పట్టుకునే విన్నది. మనవణ్ణి కేకేసి, "వింటివా రా?" అన్నది. అంతలో ఏదో అనుమానం వచ్చినట్లుంది, నావైపు తిరిగింది.

"నలుగురికి ఒక మెస్సంటివే అన్నా, మా బల్లకు ఆరుగురు కూర్చుంటారు. ఏం కాదు కదా?"