పచ్చి బాలింత చంకన బిందె పెట్టవద్దు

ఒకప్పుడు ఆపరేషన్ కాన్పు అంటే ఊరంతా వింతగా చెప్పుకునేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి సుమారు 60, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి.

కాన్పు తీరు మారినా ఇళ్ళలో పద్ధతి మారలేదు. కొన్ని ఇళ్ళలో బాలింతను మంచం దిగనివ్వరు. మరికొన్ని ఇళ్ళలో పురిటి స్నానం కాగానే బిందె చేతికిస్తారు. రెండూ తప్పే.

కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పగానే, సాధారణంగా మర్నాటికే, మెల్లగా నడవాలి. పక్కకు ఒత్తిగిల్లి, చేతి ఊతంతో లేవాలి. దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదుముకోవాలి.

ఇక బరువుల సంగతి. పైన చర్మం అతుక్కున్నా లోపలి పొరలు మానడానికి వారాలు పడుతుంది. 6 వారాల దాకా బిడ్డను మించిన బరువు ఎత్తరాదు. బిడ్డ 3 కిలోలుంటే, నిండు బిందె 15 కిలోలు తూగుతుంది. నాట్లు, కలుపు వంటి వంగి చేసే పనులు ఆ తర్వాతే, అదీ కొద్దికొద్దిగా.

ఈ సంగతి బాలింతకు ఒక్కదానికే చెబితే లాభం లేదు. నీళ్ళెవరు తేవాలో నిర్ణయించేది ఆమె కాదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు భర్తనూ, అత్తనూ కూర్చోబెట్టి చెప్పాలి. 42 రోజుల దాకా ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తలు బిడ్డ తూకంతో పాటు తల్లి ఏం పని చేస్తున్నదో కూడా అడగాలి. కుట్ల దగ్గర చీము, జ్వరం, పిక్క వాపు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

6 వారాలు మగవాళ్ళు బిందె మోస్తే పరువేమీ పోదు.