కింద తిరిగే చేపకే మొదటి దెబ్బ

చలి మొదలైందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. ఆదిలాబాద్ నుంచి, మంచిర్యాల నుంచి, కరీంనగర్ నుంచి. "అన్నా, పైన తిరిగే గప్పీలు మంచిగనే ఉన్నయ్. కింద కోరీలకే మళ్ల తెల్ల చుక్కలొచ్చినయ్. పోయిన నెల మందేస్తే తగ్గింది గదా?" ఒకరింట్లో కోరీ, ఇంకొకరింట్లో లోచ్, మరొకరింట్లో సక్కర్ ఫిష్. చేప మారుతుంది గానీ కథ మారదు. మందు వేస్తారు, తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

అసలు తగ్గలేదు బాస్. కిందికి దిగిందంతే.

షాపుల్లో 'ఇక్' అని చెప్పే ఈ తెల్ల చుక్కల జబ్బు ఒక పరాన్నజీవి పని. ఒంటి మీద కనిపించే చుక్క లోపల అది చర్మం కింద దాక్కుని ఉంటుంది. అప్పుడు మీరు ఎంత మందు పోసినా దానికి తగలదు. బాగా ఎదిగాక చేపను వదిలి జారి, గులకరాళ్లకో, మొక్కలకో అతుక్కుని, చుట్టూ ఒక తొడుగు కట్టుకుంటుంది. ఆ తొడుగులోనే ఒకటి వందలవుతుంది. తర్వాత అవన్నీ బయటికొచ్చి కొత్త చేప కోసం ఈదుతాయి. మందు పని చేసేది ఈదే ఆ కొద్ది సమయంలోనే. మనోళ్లేమో చేప ఒంటి మీద చుక్కలు పోగానే మందు ఆపేస్తారు. అంటే సరిగ్గా అది రాళ్ల మధ్య పిల్లలు పెట్టే టైమ్‌కి! ఆ రాళ్ల మీదే పొట్ట ఆనించి పడుకునేది ఎవరు? కోరీలు, లోచ్‌లు.

ఇక ఆదిలాబాద్ చలి సంగతి. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు ఒక్క అంకె డిగ్రీలకు పడిపోవడం మామూలే. నీళ్లు 25 డిగ్రీల దగ్గరుంటే ఈ పరాన్నజీవి బతుకు చక్రం వారం లోపే తిరిగిపోతుంది. నీళ్లు చల్లబడితే అదే వారాల తరబడి సాగుతుంది. కాబట్టి ప్యాకెట్ మీద ఐదు రోజులని రాసి ఉన్నా, హీటర్ లేని ట్యాంకులో ఆ ఐదు రోజులు లెక్కలోకే రావు. పైగా పగలు, రాత్రి మధ్య నీటి వేడి అటూఇటూ ఊగితే చేపకు రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. ముందు థర్మామీటర్ కొనండి, తర్వాత హీటర్. మెల్లగా, రోజుకు ఒకటి రెండు డిగ్రీలు పెంచుతూ 27, 28 దాకా తీసుకుపోండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి పంపు ఆగకూడదు. సైఫన్ పైపుతో రోజూ రాళ్ల మధ్య మురికి లాగేయండి. ఆ మురికితో పాటు తొడుగులు కూడా కొన్ని బయటికి పోతాయి. చుక్కలు పోయాక కూడా మందు ఇంకో వారం, పది రోజులు నడవాలి. అయితే ఒక జాగ్రత్త. కోరీకి, లోచ్‌కి మామూలు పొలుసులుండవు. మాలకైట్ గ్రీన్ లాంటి మందులు వాటికి సగం డోసుతోనే మొదలుపెట్టాలి. గోల్డ్‌ఫిష్‌కి వేసినట్టు గుప్పెడు దొడ్డు ఉప్పు అసలే వద్దు.

చుక్కల్లేకుండా వచ్చే జబ్బు ఇంకోటుంది. పొట్ట కింద ఎర్రగా కందడం, మీసాలు అరిగి మొండిగా మారడం, మూల కూర్చుని గబగబా మొప్పలాడించడం. దీనికి నేను ముందు మందు పేరు చెప్పను, అమోనియా ఎంతుందో అడుగుతా. టెస్ట్ కిట్ కొననివాళ్లు ఏడాదిలో దానికి రెండింతలు మందులకే పెడతారు.

"కోరీలు మురికి తిని ట్యాంక్ క్లీన్ చేస్తయ్" అని షాపులో చెప్పే మాట నమ్మకండి. అవి రెట్ట తినవు, వాటికీ తిండి కావాలి. మునిగే గుళికలు, లైట్ ఆర్పాక, ఐదు నిమిషాల్లో అయిపోయేంత. మిగిలింది రాళ్ల సందుల్లో కుళ్లి అమోనియా అవుతుంది. ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చాలి. కానీ మనం ఆ స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా ఉతుకుతాం! కరీంనగర్ టౌన్‌లో లోయర్ మానేరు డ్యామ్ నీళ్లు శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి ఇస్తారు. మనకు మంచిదే, ఆ బ్యాక్టీరియాకు మాత్రం చావు. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే స్పాంజి పిసకండి. కొత్త నీళ్లకు యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి ట్యాంకులో పోసేవాళ్లూ ఉన్నారు. అదీ అదే బ్యాక్టీరియాను దెబ్బకొడుతుంది.

బోరు నీళ్లకు ఇంకో తిరకాసు ఉంది. గిన్నెలకు తెల్ల పెచ్చు కట్టే నీళ్లలో పీహెచ్ ఎక్కువగా ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషంలా పనిచేసే అమోనియా భాగం దాదాపు పది రెట్లవుతుంది. అందుకే ఒకే లెక్క అమోనియా ఒక ఇంట్లో చేపను ఏమీ చేయదు, పక్కింట్లో చంపేస్తుంది. మే నెల ఎండలు దీన్ని ఇంకా పెంచుతాయి.

మొనలున్న రాళ్లు తీసేసి నున్నటి ఇసుక పోయండి, ఒక అంగుళం చాలు. మీసాలు అరగడానికి సగం కారణం మురికి అయితే సగం ఆ రాళ్లే. కోరీ అప్పుడప్పుడు పైకి దూసుకొచ్చి గాలి మింగి పోతే భయపడకండి, దాని అలవాటే అది. నిమిషానికోసారి వస్తే మాత్రం నీళ్లు చూడండి.

ఇది గాజు పెట్టెల గొడవే కాదు. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు గురించి చేపల పెంపకంలో ఉన్న పెద్దవాళ్లను అడగండి. నీటి బూజు లాంటి ఒక జీవి వల్ల వచ్చే ఆ రోగం, చలికాలంలో కొర్రమీను, బొమ్మిడాయి లాంటి బురద చేపల్ని బాగా దెబ్బతీసింది. అప్పుడు రైతులు ఒక్కో చేపకు మందు పూయలేదు, చెరువుకు సున్నం కొట్టారు. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను విషయంలో పనికొచ్చిన ఆ పద్ధతిని, నలభై లీటర్ల ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతాం. సున్నం పోయమని కాదు, నీళ్లకూ అడుక్కీ వైద్యం చేయమని.

కొత్త చేపను నేరుగా దించకండి. వేరే టబ్బు, చిన్న స్పాంజి ఫిల్టర్, మూడు నాలుగు వారాలు. కోరీల్ని ఒక్కటి రెండు కాదు, ఆరు కలిపి పెంచాలి. అంత జాగా లేకపోతే కొనకపోవడమే నయం.

సక్కర్ ఫిష్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. రెండంగుళాల పిల్లగా కొన్నది అడుగు దాటి పెరుగుతుంది, అది వేసే రెట్టకే ట్యాంకు పాడవుతుంది. విసుగొచ్చి మానేరులోనో, గోదావరిలోనో వదిలేద్దామనిపిస్తుంది. వదలకండి. జాలర్లు దయ్యం చేప అని తిట్టుకునేది ఈ జాతినే. గట్టి ముళ్లతో వలలు చింపుతుంది, వేరే చేపల గుడ్లు తింటుంది, నీళ్లు తక్కువున్నా బతికేస్తుంది. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇవ్వండి, లేదా కొన్న షాపుకే తిరిగి ఇచ్చేయండి. చాలామంది షాపువాళ్లు డబ్బులు అడక్కుండానే తీసుకుంటారు.