కీచుమనే బెల్టు



కుక్కర్ విజిల్ తేడాగా వస్తే మనం వెంటనే లేచి వెళ్ళి చూస్తాం. మిక్సీ చప్పుడు మారితే ఆపేస్తాం. కానీ వాకిట్లో ఉన్న కారు రోజూ పొద్దున్నే వీధంతా వినబడేలా కీచుమన్నా, "దానికది అలవాటే" అని సరిపెట్టుకుంటాం.

గత సంచిక చూసి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆవిడ తన కారు తానే నడుపుకుంటూ ఉద్యోగానికి వెళతారు. "పొద్దున స్టార్ట్ చేయగానే గట్టిగా కీచుమంటుంది. రెండు నిమిషాలకు ఆగిపోతుంది. గ్యారేజీకి తీసుకెళ్ళేసరికి శబ్దం ఉండదు. ఏమీ లేదమ్మా, వెళ్ళండి అంటున్నారు. నిజంగా ఏమీ లేదా?" అని అడిగారు. నేను చదివింది కామర్సు, ఇంజనీరింగు కాదు. అయినా పాత మారుతి 800తో చాలా ఏళ్ళు వేగినవాణ్ణి గనుక ధైర్యంగా చెప్పగలను. ఉందమ్మా, తప్పకుండా ఉంది.

మన నాందేడ్ పెద్దవాళ్ళకు బెల్టు కొత్త వస్తువు కాదు. నిజాం కాలం నాటి ఉస్మాన్‌షాహీ మిల్లు పేరు వినని ఇల్లు ఇక్కడ తక్కువ. ఆ రోజుల నూలు మిల్లుల్లో ఇంజను ఒకచోట ఉండేది. కప్పు కింద పొడవాటి ఇనుప కడ్డీ తిరుగుతుండేది. దాని మీది నుంచి చదునైన తోలు పట్టాలు కిందికి దిగి ఒక్కొక్క యంత్రాన్నీ తిప్పేవి. పట్టా జారితే యంత్రం నిలిచిపోయేది. మన ఊరి పాత మెకానిక్కులు కొందరు ఇప్పటికీ బెల్టును "పట్టా" అనే అంటారు.

చదునైన పట్టాకు జారే గుణం ఎక్కువ. 1917లో అమెరికాలోని డెన్వర్ నగరంలో జాన్ గేట్స్ అనే ఆయన రబ్బరుతో, అడుగు సన్నగా పైభాగం వెడల్పుగా ఉండే బెల్టును తయారు చేశాడు. అది పుల్లీ గాడిలో చీలిక దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. దాని పట్టంతా రెండు పక్కలదే, అడుగుది కాదు. పక్కలు అరిగి బెల్టు గాడి అడుగుకు తగిలిందంటే దాని పని అయిపోయినట్టే. మారుతి 800లో ఉన్నది ఈ రకమే. ఈ మధ్య కార్లలో వెడల్పాటి బెల్టు వస్తోంది. దాని లోపలివైపు పొలంలో చాళ్ళు తీసినట్టు ఉంటుంది.

ఈ బెల్టు చేసే పని చిన్నది కాదు. ఇంజను శక్తిని తీసుకుని ఆల్టర్నేటరును తిప్పుతుంది. దానివల్లే బ్యాటరీ నిండుతుంది, లైట్లు వెలుగుతాయి. చాలా బండ్లలో వాటర్ పంపును తిప్పేదీ ఇదే. ఆ పంపు నీటిని తిప్పబట్టే ఇంజను చల్లగా ఉంటుంది. ఏసీకి బండిని బట్టి ఇదే బెల్టో, మరో బెల్టో ఉంటుంది.

మరి పొద్దున్నే ఎందుకు అరుస్తుంది? స్టార్ట్ చేయడంలో బ్యాటరీ కొంత ఖర్చవుతుంది. దాన్ని పూడ్చడానికి మొదటి నిమిషాల్లో ఆల్టర్నేటరు మీద బరువెక్కువ. బెల్టు వదులుగా ఉన్నా, పక్కలు అరిగి గాజులా నున్నబడినా ఆ బరువు లాగలేక జారుతుంది. ఆ జారుడే మనకు వినిపించే కీచు. బ్యాటరీ కాస్త నిండాక బరువు తగ్గి శబ్దం ఆగుతుంది. అంతేగాని రోగం నయమైనట్టు కాదు. గ్యారేజీలో శబ్దం వినిపించాలంటే హెడ్‌లైట్లు, ఏసీ అన్నీ వేసి చూపించమనండి. బండిని రాత్రి అక్కడే ఉంచి పొద్దున వినమంటే ఇంకా మంచిది.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఇంజను నడుస్తుండగా దూరం నుంచి సీసాతో బెల్టు లోపలివైపు నాలుగు చుక్కల నీళ్ళు చల్లాలి. శబ్దం ఆగి కాసేపటికి మళ్ళీ వస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవేమోనని అనుమానించాలి. శబ్దం ఇంకా పెరిగితే బెల్టు వదులైనట్టు. కీచు కాక గరగరమని వస్తుంటే అది బేరింగు గొడవ కావచ్చు. బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు పైటకొంగు, చున్నీ, జడ, చొక్కా చేతులు బోనెట్ దరిదాపులకు రాకూడదు.

ఇక మార్చడం. మారుతి 800 లాంటి బండికిది అరగంట పని. ఇంజను చల్లారాక తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. ఏసీ బెల్టు విడిగా ఉండి అడ్డం వస్తే ముందు దాన్ని తీయాలి. ఆల్టర్నేటరు బోల్టులను పానాతో వదులు చేసి, దాన్ని ఇంజను వైపు నెడితే పాత బెల్టు ఊడి వస్తుంది. పుల్లీ గాళ్ళలో నూనె, మట్టి లేకుండా తుడవాలి. నూనె కారుతున్న చోటును బాగుచేయకుండా కొత్త బెల్టు వేసినా ఎన్నాళ్ళో నిలవదు. బెల్టు మీద రాసి ఉన్న నంబరు సరిచూసుకుని కొత్తది ఎక్కించి, ఆల్టర్నేటరును వెనక్కి లాగి బోల్టులు బిగించాలి. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరుకు కాస్త లోపు దిగాలి. ఖచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. గట్టిగా ఉంటే మంచిదని మరీ బిగిస్తే వాటర్ పంపు, ఆల్టర్నేటరు బేరింగులు పాడవుతాయి. కొత్త బెల్టు కొంచెం సాగుతుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. చాళ్ళ బెల్టు అయితే విప్పే ముందు అది ఏ పుల్లీ మీదుగా ఎలా వెళుతోందో కాగితం మీద బొమ్మ గీసుకోండి. సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నా సరే.

సబ్బు, కొవ్వొత్తి మైనం రుద్దితే శబ్దం ఆగుతుందని కొందరు చెబుతారు. ఏడ్చే పిల్లవాడి నోరు మూయడం లాంటిదది. ఆకలి ఆకలిగానే ఉంటుంది.

మాకు తెలిసిన ఒక కుటుంబం వసంత పంచమినాడు మనవడి అక్షరాభ్యాసానికి బాసర బయలుదేరింది. బెల్టు చాలా రోజులుగా అరుస్తూనే ఉంది. చూసిన గ్యారేజీలో "శబ్దమే కదా" అన్నారట. దారిలో బెల్టు తెగింది. డాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. ముందున్న ఊరు చేరితే చాలనుకుని కొన్ని కిలోమీటర్లు నడిపారు. నీరు తిరగని ఇంజను మరిగిపోయింది, హెడ్ వంగింది. వందల రూపాయల బెల్టుతో పోవలసింది వేలల్లోకి వెళ్ళింది. డబ్బు సంగతి అటుంచితే, పలక బలపం పట్టుకుని కొత్త బట్టల్లో ఉన్న పిల్లవాడితో, మోకాళ్ళ నొప్పుల నాయనమ్మతో రోడ్డు పక్కన గంటలకొద్దీ నిలబడ్డారు. ముహూర్తం దాటిపోయింది.

కనుక ఒక మాట గుర్తుంచుకోండి. నడుస్తున్న బండిలో ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగి, వేడి చూపే ముల్లు పైకి ఎక్కుతుంటే ఊరి దాకా వెళదామనుకోవద్దు. ఉన్నచోటనే పక్కకు తీసి ఇంజను ఆపండి. రేడియేటరు మూత వెంటనే తెరవకండి, మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. కరెంటు ఫ్యాను ఉన్న బండిలో ఇంజను ఆపినా ఫ్యాను తిరగవచ్చు, చేయి పెట్టకండి.

మా బ్యాంకు భాషలో వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ కింద పడుతుంది. అయితే మేము అందాకా ఆగం. మొదటి 30 రోజుల్లోనే దాన్ని ప్రత్యేకంగా కనిపెట్టి చూడవలసిన ఖాతాల్లో చేరుస్తాం, ఎందుకంటే అప్పుడు ఒక ఫోనుతో పని అయిపోతుంది. కీచుమనే బెల్టుది కూడా ఆ మొదటి నెల దశే. కానీ ఒక్కోసారి అరవకుండానే తెగే బెల్టులూ ఉన్నాయి. అందుకే సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా "బెల్టు చూడండి" అని మీరే అడగండి. కొత్తరకం రబ్బరు బెల్టులు పగుళ్ళు చూపకుండానే అరిగిపోతాయి, కాబట్టి పైకి బాగుందన్న మాటతో సరిపెట్టుకోకుండా చాళ్ళ లోతు కొలవమనండి.

ఎండాకాలంలో 42 డిగ్రీలు దాటడం మన ఊరికి కొత్త కాదు. పెళ్ళిళ్ళకూ, సెలవులకూ నిజామాబాదు వైపు, హైదరాబాదు వైపు బయలుదేరేదీ అప్పుడే. ఆలోగా ఒక పొద్దున బోనెట్ ఎత్తి చూసుకోండి. ఇంట్లో కారు నడిపే ఆడపిల్లలకూ పక్కన నిలబెట్టి చూపించండి.

 వచ్చే సంచికలో బ్యాటరీ గురించి మాట్లాడుకుందాం.