గుడారం వేసుకోడానికి ఎవర్ని అడగాలి?

బెంగుళూరులో మా టీములో ఎవర్ని కదిపినా ఓ గోకర్ణ కథ చెబుతారు. ఓం బీచి నుంచి హాఫ్ మూన్, అక్కణ్ణుంచి ప్యారడైజ్. కొండ ఎక్కి దిగి నడుచుకుంటూ వెళ్ళాలి, లేదా పడవలో వెళ్ళాలి, రోడ్డు లేదు. అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళయితే ఇంకో మెట్టు పైన: శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన పాయింట్ రేస్‌లో టొమాలెస్ బే అని ఉంది, కయాక్ వేసుకుని అవతలి ఒడ్డుకి పోయి అక్కడే రాత్రి పడుకుంటారు. నేను ఉక్కునగరంలో పెరిగినవాణ్ణి. ఈ కబుర్లు విన్నప్పుడల్లా నాకు కడుపుమంట. డెల్టా తీరంలా చదునుగా కాకుండా, కొండలు తిన్నగా సముద్రంలోకి దిగే ఒడ్డు మాకుంది కదా, మనమెందుకు చెయ్యకూడదు?

ఆ ఉక్రోషంతోనే రెండేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఇద్దరు స్నేహితుల్ని పోగేసి గుడారం భుజానేసుకుని బయల్దేరాను.

ఎక్కడికి అన్నదే మొదటి ప్రశ్న. మ్యాపు తెరిచి చూస్తే తెలిసింది, మనకి మిగిలింది ఎంత తక్కువో. డాల్ఫిన్స్ నోస్‌కి ఉత్తరాన బీచి రోడ్డు భీమిలి దాకా సముద్రం పక్కనే పోతుంది. ఋషికొండని ఎంత తొలిచారో అందరం చూశాం. ఎర్రమట్టి దిబ్బలున్నాయి గానీ, 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోట మేకులు దిగ్గొట్టేంత మూర్ఖుణ్ణి కాను. దక్షిణాన యారాడ. అందమైన ఒడ్డే, కానీ పైన కొండంతా నేవీ వాళ్ళ కంటి కింద ఉంటుంది, అలల లాగుడుకి ఎంతమంది పిల్లలు పోయారో లెక్కలేదు. అది దాటితే గంగవరం. చిన్నప్పుడు మేం సైకిళ్ళ మీద పోయిన ఆ బీచిలో 2009 నుంచీ పోర్టు నడుస్తోంది. ఇంకా కిందికి పోతే పరవాడ వైపు సింహాద్రి థర్మల్, రాంబిల్లి దగ్గర నేవీ వారి కొత్త స్థావరం. వీటన్నిటి మధ్యా అతుకులు అతుకులుగా మిగిలిందే మన "వైల్డ్" తీరం.

అందులో ఒక అతుకు అప్పికొండ. ఉక్కు ఫ్యాక్టరీ వెనకాల, సోమేశ్వరాలయం ఉన్న ఊరు. గుడి దగ్గర బండి ఆపి, సరుగుడు తోటల అంచునే ముత్యాలమ్మపాలెం వైపు ఓ రెండు గంటలు నడిచాం. మనిషి జాడ లేదు. ఇసక మెత్తగా, కాస్త వాలుగా, బ్రహ్మాండంగా ఉన్న చోటు చూసి గుడారం వేశాం. చితుకులు పోగేసి మంట కూడా వేశాం. గోకర్ణ ఏపాటి అనుకున్నాం.

రాత్రి పదింటికి ఓ ముసలాయన టార్చి వేసుకుంటూ వచ్చాడు.

"ఏటి బాబూ, ఇక్కడేసేరు? ఇది పడవలు దిగే జాగా. తెల్లారగట్ల పడవొస్తే మీ మీద్నుంచే లాగాల."

మెత్తగా, వాలుగా ఉన్నది మాకోసం కాదన్నమాట! పడవలు లాగీ లాగీ అలా అయింది. మంట చూపించి ఇంకో మాటన్నాడు: "రేత్రి సముద్రం మీదున్నోడు ఒడ్డు మీద దీపాలు చూసే దారి ఎతుక్కుంటాడు. కొత్త దీపం ఎడితే ఎలాగ?"

ఆర్పేశాం. గుడారం సరుగుడు చెట్ల దగ్గరికి మార్చుకున్నాం. తెల్లారి నాలుగున్నరకి నిజంగానే పడవ వచ్చింది, మేం కూడా ఓ చెయ్యి వేశాం. అలివి వల లాగుతుంటే తాడు పట్టుకున్నాం కూడా. మా కీబోర్డు చేతులు పది నిమిషాల్లో బొబ్బలెక్కాయి, అది వేరే సంగతి.

ఈ కథ చెప్పింది ఎందుకంటే, "మన దగ్గర ఒడ్డు మీద క్యాంపింగ్ చెయ్యనివ్వరు" అని తిట్టుకునే నాలాంటి వాళ్ళకి అసలు విషయం తిరకాసుగా కనిపిస్తుంది. ఖాళీ ఒడ్డు, చెయ్యనివ్వని సర్కారు, అంతే అనుకుంటాం. ఒడ్డు ఖాళీగా లేదు. అది ఒకరి పార్కింగు, ఒకరి గోదాము, ఒకరి ఆఫీసు. మన క్యూబికల్లోకి ఎవడో దుప్పటి తెచ్చుకుని పడుకుంటే ఊరుకుంటామా?

సర్కారు భయాలు కూడా ఊరికే పుట్టినవి కావు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ రేవు బయటే. 2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్ళు వచ్చింది చేపల పడవ ఎక్కి. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్ళో, అర్ధరాత్రి ఒడ్డు మీద టార్చిలైట్లు తిరుగుతుంటే పోలీసులు నిద్రపోరు, పోకూడదు. పడవల సంగతంటే, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగింది ఎవరూ మర్చిపోలేదు. నదిలోనే అలా అయితే, అలలు దాటి ఒడ్డుకి దిగే పడవలో టూరిస్టుల్ని ఎక్కించే కాయితం మీద సంతకం పెట్టడానికి ఏ ఆఫీసరు చెయ్యి వణకదు?

కానీ భయానికి మందు "వద్దు" అనడమొక్కటే కాదు. వెళ్ళే ముందు నేను అనుమతి అడగలేదా అంటే అడిగాను. ఒక ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, ఆ ఆఫీసువాళ్ళు మొదటి ఆఫీసు పేరు చెప్పారు. మన భాషలో డెడ్‌లాక్. అడిగినవాడు వెనక్కొస్తాడు, అడగనివాడు సీసాలతో సహా పోయి గాజుపెంకులు వదిలేసి వస్తాడు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇదే. రిసార్టు కట్టేవాడికి మాత్రం దారి దొరుకుతుంది, ఎందుకో మరి.

టొమాలెస్ బేలో చేసేది చాలా మామూలు పని. ఏ రాత్రికి ఎంతమందో ముందే లెక్క, పేరు రాయించుకుని పర్మిట్ తీసుకోవాలి. మరుగుదొడ్డి లేని ఒడ్డుకి పోతే పోర్టబుల్ టాయిలెట్ కూడా నువ్వే మోసుకెళ్ళి మోసుకురావాలి. ఇక్కడ ఆ పుస్తకం ఎక్కడుండాలన్నదే నా వాదన: నగరంలో ఏ పర్యాటక కౌంటరులోనో కాదు, మత్స్యకారుల ఊళ్ళో, వాళ్ళ సొసైటీ దగ్గర. ఎక్కడ పడవ దిగుతుందో, ఎక్కడ నీరు లోపలికి లాగుతుందో తెలిసింది వాళ్ళకి. రాత్రికి నాలుగు గుడారాలు, ఆధార్ నకలు ఊళ్ళో ఒకటి, మెరైన్ పోలీసు స్టేషన్‌కి ఒకటి, డబ్బు ఊరికి. గంగవరం, దిబ్బపాలెం వాళ్ళు పోర్టు కోసం వేట రేవు వదులుకున్నవాళ్ళు. ఇంకోసారి "అభివృద్ధి" వాళ్ళ నెత్తిమీంచి పోకూడదు. పడవలో తీసుకెళ్ళడం మాత్రం లైఫ్ జాకెట్లూ, లైసెన్సూ, ఇన్సూరెన్సూ వచ్చాకే. అందాకా నడకే మేలు.

ఒక చోట నా వాదన కుంటుతుందని నాకే తెలుసు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఏప్రిల్ నుంచి ఎండ. మిగిలింది డిసెంబరు చివర నుంచి మార్చి దాకా. సరిగ్గా అప్పుడే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెట్టేది. వెలుతురు చూస్తే తల్లి వెనక్కి పోతుంది, పిల్లలు దారి తప్పి సముద్రానికి బదులు దీపం వైపు పాకుతాయి. కాబట్టి గూళ్ళు ఎక్కువుండే చోట్ల ఆ నెలల్లో పూర్తిగా బందు. మిగతా చోట్ల మంట లేదు, తెల్ల లైటు లేదు, ఇసక మీద కాకుండా చెట్ల వెనకే పడక. మంటే లేకపోతే క్యాంపింగేమిట్రా అంటాడు మా స్నేహితుడు. వాడు ఇంటి మేడ మీద వేసుకోవచ్చు.

సముద్రం ఒడ్డున రాత్రి గడపడం మనకి కొత్త ఫ్యాషనేం కాదు కూడా. చిన్నప్పుడు శివరాత్రికి అప్పికొండలో జాగారమని మా నాన్నగారు తీసుకెళ్తే, నేను ఇసకలో దుప్పటి కప్పుకుని నిద్రపోయేవాణ్ణి. అప్పుడెవర్నీ అడగలేదు. ఎందుకంటే ఊరంతా అక్కడే ఉండేది.

ఆ ముసలాయన్ని వచ్చేటప్పుడు డబ్బులు తీసుకోమంటే తీసుకోలేదు. ఫోన్ నంబరు మాత్రం ఇచ్చాడు. మొన్న చేసి, ఈసారి శివరాత్రి వెళ్ళాక నలుగురం వస్తాం, ఎక్కడ వేసుకోమంటావు తాతా అనడిగాను.

"ముందు ఊళ్ళోకి రండి, సూపిస్తాను. నీళ్ళు మాత్రం మీరే తెచ్చుకోండి బాబూ, మాకే సాలట్లేదు" అన్నాడు.